ఏడో అధ్యాయం: చీకటి కథకు గొంతు వెతకడం

వరంగల్‌లో ‘నాటకానికి గొంతులు కావాలె’ అని ఒక మాట బయటికి వదిలితే ముందుగా తలుపు తట్టేది మిమిక్రీ నేర్చినవాళ్లే. నేరెళ్ల వేణుమాధవ్ 1932లో ఇక్కడే పుట్టారు. 1971లో ఐక్యరాజ్యసమితిలో ప్రదర్శన ఇచ్చినా ఈ ఊరి మనిషిగానే ఉన్నారు. 2001లో పద్మశ్రీ అందుకున్నారు, 2018లో కన్నుమూశారు. హనుమకొండలో ఆయన పేరిట కళాప్రాంగణం ఉంది. ఆయన్ని చూసి గొంతు మార్చడం మొదలుపెట్టిన పిల్లలు ఈ చుట్టుపక్కల ఎంతమందో లెక్కలేదు. అది మన ఊరి సంపద. కానీ మీరు చేయబోయేది చీకటి కథ అయితే ఆ సంపదలోంచి మీకు కావలసింది ఏరుకోవడం తెలియాలి. నాకు తెలియక మూడు నెలలు పోగొట్టుకున్నాను. ఆ మూడు నెలల్లో నేర్చుకున్నదే ఈ అధ్యాయం.

మేం అయిదుగురం కలిసి ఒక ఆడియో నాటకం తలపెట్టాం. కథ రాబోయే కాలంలో జరుగుతుంది. ఎప్పుడో మూతపడిన ఆజంజాహీ మిల్లు సైరన్ ఒక రాత్రి మోగుతుంది. మర్నాడు ఊళ్లో కొన్ని ఇళ్లలో ఒక్కో మనిషి ఉండడు. పోయినట్టు కూడా ఎవరికీ గుర్తుండదు. ఆ తర్వాత ప్రతి ఇంటికీ ఒక ఫోన్ వస్తుంది. అవతలి మనిషి మర్యాదగా అడుగుతాడు: “మీ ఇంట్లో నలుగురే కదండీ?” ఒక తల్లి మాత్రం అయిదుగురని అంటుంది. అయిదో మనిషి పేరు ఆమెకూ గుర్తులేదు. కథ మొత్తం ఈ ఇద్దరి మధ్య నడుస్తుంది.

ఫోన్ చేసే మనిషి పాత్రకు మొదట మేం ఎంచుకున్నది బండరాయి దొర్లినట్టుండే గొంతు. గదిలో వింటుంటే ఒళ్లు జలదరించింది. రికార్డు చేసి నలుగురికి వినిపిస్తే ఒకాయన, “బాగుంది, సినిమా విలన్ లెక్క ఉన్నడు” అన్నాడు. అంతే. ఎవరికీ భయం వేయలేదు. ఆ మాటతో నాకు రెండు సంగతులు తెలిశాయి.

ఒకటి సాంకేతికం. మగవాళ్ల గొంతు మూలస్వరం మామూలుగా 85 నుంచి 180 హెర్ట్జ్ మధ్య ఉంటుంది. మన శ్రోతల్లో చాలామంది వినేది చేతిలో ఉన్న ఫోన్ స్పీకర్‌లో. ఆ చిన్న స్పీకర్ ఆ కింది స్వరాలను దాదాపు పలికించలేదు. మీరు స్టూడియోలో మురిసిపోయిన ఖంగు శ్రోత చెవిదాకా చేరదు. చేరేది దాని పైపొర, కొంచెం గరగర. అందుకని ఏ గొంతునైనా మంచి హెడ్‌ఫోన్లలో ఒకసారి, ఫోన్ స్పీకర్‌లో ఒకసారి, వంటింట్లో కుక్కర్ కూస్తుండగా ఒకసారి వినండి. మూడుచోట్లా నిలబడిన గొంతే మీది.

రెండోది అంతకంటే ముఖ్యం. భయపెట్టాలని బయల్దేరిన గొంతును శ్రోత వెంటనే పసిగట్టి ఓ పక్కన పెట్టేస్తాడు. ‘ఇతను చెడ్డవాడు’ అని తెలిసిపోయాక ఇంక భయం ఎందుకు? 2009లో ‘అరుంధతి’ వచ్చినప్పుడు సోనూ సూద్‌కు పి. రవిశంకర్ చెప్పిన డబ్బింగ్ ఎంత గొప్పదంటే ఆయన ఇంటిపేరే బొమ్మాళి అయిపోయింది. తెరమీద ఆ రూపానికి, ఆ వేషానికి, ఆ కథకు అంత గొంతు కావాలి. ఆ గొంతును అనుకరిస్తూ మా ఆడిషన్‌కు వచ్చినవాళ్లు సగానికి పైనే. వాళ్ల తప్పు కాదది. ‘చీకటి కథ’ అని ప్రకటనలో రాసి వదిలేసింది నేను. చీకటి అనగానే జనానికి గుర్తొచ్చేది అదే.

చెవి ఒక్కటే ఉన్నచోట భయం ఎలా పుడుతుందో చూడాలంటే 1938 అక్టోబర్ 30న అమెరికాలో ఆర్సన్ వెల్స్ బృందం ప్రసారం చేసిన ‘వార్ ఆఫ్ ది వరల్డ్స్’ దగ్గరికి వెళ్లాలి. అందులో అంగారకుల రాకను వర్ణించే రేడియో విలేకరి పాత్ర ఫ్రాంక్ రీడిక్ అనే నటుడిది. ఆయన అందుకు సిద్ధమైన తీరు నాకు పాఠమైంది. అంతకు ముందు ఏడాది మే నెలలో హిండెన్‌బర్గ్ అనే భారీ గాలిఓడ నేలకు దిగుతూ తగలబడినప్పుడు అక్కడున్న హెర్బర్ట్ మారిసన్ అనే విలేకరి మాట్లాడింది రికార్డయి ఉంది. రీడిక్ దాన్ని మళ్లీ మళ్లీ విన్నాడు. మారిసన్ భయపెట్టాలని మాట్లాడలేదు. తన పని తాను చేసుకుంటున్నాడు, మంటలు రేగాయి, పని చేసే గొంతు పగిలింది. రీడిక్ పట్టుకున్నది ఆ పగులునే. మామూలు గొంతు ఎక్కడ తడబడుతుందో అక్కడ శ్రోత ఊపిరి బిగబడుతుంది.

కాబట్టి ఎదుటి మనిషి ఎంత భయంకరంగా పలకగలడన్నది పక్కనబెట్టండి. అతన్ని మీ ఇంటి ఫోన్‌లో వింటే నమ్ముతారా? అది చూడండి. మా ఫోన్ మనిషి చివరికి దొరికింది హనుమకొండ చౌరస్తా దగ్గర ఒక కొరియర్ కౌంటర్‌లో. రోజుకు వందసార్లు “చెప్పండి సార్, పిన్‌కోడ్ చెప్పండి” అనే అబ్బాయి. నాటకం అనుభవం లేదు. “మీ ఇంట్లో నలుగురే కదండీ?” అన్న మాట ఇచ్చి, “కొరియర్ అడ్రస్ అడిగినట్టే అడుగు తమ్ముడూ” అన్నాను. అతను అలాగే అడిగాడు. మా అయిదుగురిలో ఒకామె లేచి గది తలుపు దగ్గరికి వేసింది.

అలాగని నటన వచ్చినవాళ్లను వదిలేయమని కాదు. ఆకాశవాణి నాటక కళాకారులకు స్వరపరీక్ష పెట్టి బి, బి హై, ఎ, టాప్ అని గ్రేడులు ఇస్తుంది. ఆ పరీక్ష దాటినవాళ్లు, వరంగల్ ఎఫ్.ఎం. 103.5లో పలికినవాళ్లు మీ వీధిలోనే ఉండొచ్చు. అడగండి. మైకు ముందు కాగితం చప్పుడు కాకుండా తిప్పడం, వాక్యం మధ్యలో ఊపిరి దొంగిలించడం వాళ్లకు చేతివేళ్లలో ఉంటుంది. హైదరాబాద్ కేంద్రంలో శారదా శ్రీనివాసన్ చలం ‘పురూరవ’లో ఊర్వశిగా పలికారు. దేవలోకపు మనిషిని వేషం, దీపం, తెర ఏదీ లేకుండా ఒక్క గొంతుతో నిలబెట్టాలి. ఇవాళ మనం ఊహాకథ, వింతకథ అంటున్నదానికి తెలుగులో దారి వేసినవాళ్లు వాళ్లే. వాళ్ల రికార్డింగులు దొరికితే వినండి.

మిమిక్రీ కళాకారులను కూడా తోసిపుచ్చకండి. వాళ్ల దగ్గర ఉన్నది మామూలు చెవి కాదు. ఒక మనిషి గొంతును పట్టాలంటే ముందు ఆ మనిషి ఎక్కడ ఆగుతాడో, ఏ అక్షరం మింగుతాడో పట్టాలి. ఇబ్బంది ఒక్కటే, సొంత గొంతుతో మాట్లాడమంటే కొందరు వెతుక్కుంటారు. అందుకే ఆడిషన్‌లో నేను మొదట స్క్రిప్టు ఇవ్వను. “పొద్దున లేచినకాడి నుంచి ఇక్కడికి వచ్చేదాక ఏం జరిగిందో చెప్పండి” అంటాను. రెండు నిమిషాలు. కాజీపేటలో రైలు లేటవడం, చాయ్ ఒలకడం, ఇంట్లో మాటామాటా అనుకోవడం, ఏదో ఒకటి చెబుతారు. ఆ రెండు నిమిషాల్లో వచ్చేదే ఆ మనిషి గొంతు. ఆ తర్వాత స్క్రిప్టు చదివించినప్పుడు అందులోంచి ఎంత దూరం జరిగాడో మీకు వినిపిస్తుంది.

స్క్రిప్టు ముక్కలు ఎలా ఎంచాలంటే, కేకలు, ఏడుపులు ఉన్న ఘట్టం ఇవ్వకండి. కేక అందరూ వేస్తారు. ఏమీ జరగని ఘట్టం ఇవ్వండి. మా పరీక్ష ముక్క ఒక రేషన్ కార్డు చదవడం. పేర్లు, వయసులు వరుసగా. నాలుగో పేరు దగ్గర ఖాళీ. ఆ ఖాళీ దగ్గర ఎవరు ఏం చేశారన్నదే మేం విన్నది. ఒకసారి చదివాక ఒక్క సూచన ఇచ్చి మళ్లీ చదివించండి: “ఇప్పుడు పక్కగదిలో పాప నిద్రపోతోంది” అనో, “మీకు ఈ సంగతి ముందే తెలుసు” అనో. రెండోసారి మారిందా లేదా చూడండి. మొదటి టేకు ఎంత బాగున్నా రెండోసారి అచ్చం అలాగే చదివిన మనిషితో ఎనిమిది భాగాలు చేయడం చాలా కష్టం. మొదట తడబడి రెండోసారి మారిన మనిషితో చేయొచ్చు.

ఇంటి నుంచి రికార్డు చేసి పంపేవాళ్లకు వివరంగా చెప్పండి. మే నెలలో ఫ్యాన్ ఆపి చదవమంటే పాపం చెమటలు కక్కుతూ గబగబా ముగించేస్తారు, మీరేమో వేగం ఎక్కువని పక్కన పెడతారు. తెల్లవారుజామున చేయమనండి. బట్టల బీరువా తలుపులు తెరిచి దాని ముందు నిలబడితే గోడల మార్మోగు తగ్గుతుంది. ఫోన్ నోటికి జానెడు దూరంలో, కాస్త పక్కకు పెట్టాలి. ఫైలు వాట్సాప్ వాయిస్ మెసేజ్‌గా కాకుండా డాక్యుమెంట్‌గా పంపితే నాణ్యత చెడదు. ఈ నాలుగు మాటలు చెప్పకుండా ఎవరినీ కాదనకండి. మీరు కాదన్నది వాళ్ల గొంతును కాకపోవచ్చు, వాళ్ల గదిని కావచ్చు.

వినేటప్పుడు పేర్లు తీసేయండి. బృందంలో ఒకరు ఫైళ్లకు అంకెలు వేసి ఇవ్వాలి, మిగతావాళ్లకు ఎవరిది ఏదో తెలియకూడదు. మా బావమరిది గొంతు పద్నాలుగో నంబరు అని తెలియకపోవడం వల్లే నేను దానికి తక్కువ మార్కులు వేయగలిగాను. తెలిసుంటే వేసేవాణ్ని కాదు.

ఇప్పుడు చాలామంది మరిచిపోయే సంగతి. ఒక్కో గొంతు విడిగా బాగుంటే సరిపోదు, పక్కపక్కన పెడితే వేరుగా వినిపించాలి. రేడియో కోసమే రాసిన తొలి నాటకంగా చెప్పే రిచర్డ్ హ్యూజ్ ‘డేంజర్’ 1924 జనవరిలో బీబీసీలో వచ్చింది. బొగ్గుగనిలో దీపాలు ఆరిపోతాయి, మనుషులు చీకట్లో చిక్కుకుంటారు. అందులో పాత్రలు ఎవరు? ఒక యువకుడు, ఒక యువతి, ఒక ముసలాయన. చీకట్లో ఒక్క మాట వినగానే ఎవరో తెలిసిపోతుంది. మన భూపాలపల్లి గనుల్లో దిగినవాళ్లను అడిగితే చెబుతారు, లోపల మనిషిని గుర్తుపట్టేది గొంతును బట్టేనని. మీ పాత్రల జాబితాలో ముప్పై అయిదేళ్ల మగవాళ్లు ముగ్గురుంటే ముందు రచయితతో కూర్చోండి, ఒకరిని ఆడమనిషిని చేయలేరా, ఒకరిని అరవై దాటిన మనిషిని చేయలేరా అని. వీలుకాకపోతే వేగంలో తేడా వెతకండి: ఒకరు తొందర మనిషి, ఒకరు ప్రతి మాటకు ముందు ఆగే మనిషి. తుది జాబితా గొంతులతో ఒక్కో వాక్యం కలిపి ఒక ఫైలు చేసి కథ తెలియని మనిషికి వినిపించండి. ‘ఇందాక మాట్లాడిందీ ఇప్పుడు మాట్లాడిందీ ఒక్కరేనా?’ అని అడిగాడంటే ఆ జత పనికిరాదు, ఇద్దరూ ఎంత గొప్పవాళ్లయినా సరే.

కథకుడి గొంతు మరీ వేరు. దానికి మన దగ్గరున్న బడి ఒగ్గుకథ. జనగామ ప్రాంతపు చుక్క సత్తయ్య లాంటి కళాకారులను చూస్తే ఒక్క మనిషే మల్లన్న, మేడలమ్మ, కేతమ్మ అవుతాడు, మళ్లీ కథకుడై మనవైపు తిరుగుతాడు. వంతపాడేవాడు మధ్యలో అడిగే ప్రశ్న మనం అడగబోయిందే అయివుంటుంది. అదే జిల్లాకు చెందిన గడ్డం సమ్మయ్యకు చిందు యక్షగానానికి 2024లో పద్మశ్రీ వచ్చింది. ఈ కళల్లో పెరిగినవాళ్లలో మీ కథకుడు ఉండొచ్చు. ఒకటే జాగ్రత్త: వేలమందికి వినిపించేలా చెప్పడం వాళ్లకు అలవాటు. మైకు దగ్గర ఒక్కరికే చెప్పాలి. ఎదురుగా ఒక కుర్చీ వేసి అందులో వాళ్ల మనవరాలినో, మేనల్లుడినో కూర్చోబెట్టండి. గొంతు దానంతటదే దిగుతుంది.

యాస గురించి గట్టిగా చెప్పాలి. తెలుగు సినిమా చాలాకాలం తెలంగాణ మాటను రౌడీకి, నవ్వించే పాత్రకు మాత్రమే ఇచ్చింది. కాళోజీ నడిచిన ఊళ్లో కూర్చుని మనమూ ఆ పని చేస్తే సిగ్గుచేటు. డాక్టరు, శాస్త్రవేత్త, ప్రేమించే మనిషి పుస్తక భాషలో పలికి, మంత్రగాడు మాత్రం ‘పోతాండు, వత్తాండు’ అంటే శ్రోతకు మీరు చెబుతున్నది కథ ఒక్కటే కాదు. మంత్రాల కథల్లో ఇది మరీ ప్రమాదం. బాణామతి చేస్తున్నారన్న అనుమానంతో మన పల్లెల్లో నిజమైన మనుషులను కొట్టారు, చంపారు. మీ క్షుద్ర పాత్ర గొంతు వినగానే ఫలానా కులం, ఫలానా పల్లె అని తోస్తే ఆ పాత్రను మళ్లీ ఎంచండి.

మా తల్లి పాత్ర దొరికింది ఆ యాసలోనే. కొత్తవాడలో బతుకమ్మ పాట ఎత్తుకునే ఒక పెద్దమ్మ. పాట ఎత్తితే వాడంతా అందుకుంటుంది. దమ్ము అంత పొడుగు. ఆమెకు చదవడం అంతంతమాత్రమే అని తెలిసి మా వాళ్లలో ఒకరు వద్దన్నారు. నేను వాక్యం చెప్పి, ఆమెను తిరిగి చెప్పమన్నాను. ఆమె మా వాక్యాన్ని తన నోటికి తగ్గట్టు మార్చుకుని ఇలా అంది: “నా కొడుకు పేరు యాదికొస్తలేదు బిడ్డా. గని వానికి బువ్వ పెట్టిన గిన్నె ఇంక గీడ్నే ఉన్నది.” మేం రాసింది అంత బాగా లేదు. స్క్రిప్టు దిద్దుకున్నాం. చదువు రాదని ఎవరినీ దూరం పెట్టకండి. చెవితో నేర్పండి, రెండు రోజులు ఎక్కువ పడుతుంది, అంతే.

చీకటి కథకు మనుషులను పిలిచేటప్పుడు ఫోన్‌లోనే చెప్పాల్సినవి ఉన్నాయి. ఈ కథలో చావు ఉందా, పిల్లలకు హాని ఉందా, శాపాలు, క్షుద్రం ఉన్నాయా, అన్నీ ముందే చెప్పండి. కొందరికి నమ్మకం అడ్డొస్తుంది, కొందరికి ఇంట్లో జరిగిన చావు ఇంకా పచ్చిగా ఉంటుంది. “ఈ మాట నేను పలకలేను” అన్నవాళ్లను బతిమాలవద్దు, కారణం అడగవద్దు. ఆడవాళ్లను ఒంటరిగా, పొద్దుపోయాక ఆడిషన్‌కు పిలవవద్దు. తోడు ఒకరిని తెచ్చుకోమని మీరే చెప్పండి. కేకలున్న ఘట్టాలు రోజులో చివరికి పెట్టండి. అరిచాక ఆ గొంతుతో మెల్లని మాటలు రికార్డు చేయడం కుదరదు. ఆడిషన్‌లో ఎవరినీ అరవమనవద్దు.

పసిపిల్లల గొంతు కావాలంటే పెద్దవాళ్ల చేత చెప్పించగలరేమో ముందు చూడండి. పిల్లలే కావాలనుకుంటే దృశ్య శ్రవణ వినోదంలో పనిచేసే బాలలకు చట్టం పెట్టిన కొలత ఒకటి ఉంది: రోజుకు 5 గంటలకు మించకూడదు, విరామం లేకుండా 3 గంటలు దాటకూడదు, జిల్లా మేజిస్ట్రేట్ అనుమతి ఉండాలి, సంపాదనలో కనీసం 20 శాతం ఆ బిడ్డ పేర బ్యాంకులో వేయాలి. మీది చిన్న నాటకమే అయినా దాన్నే హద్దుగా పెట్టుకోండి. బిడ్డకు కథ మొత్తం చెప్పక్కర్లేదు, అబద్ధం మాత్రం చెప్పకండి.

ఒప్పందం ఒక్క పేజీ చాలు, తెలుగులో. ఎన్ని భాగాలు, ఎన్ని గంటలు, డబ్బు ఎంత, ఎప్పుడు. ఇప్పుడు మరొక వాక్యం తప్పనిసరి: ఈ రికార్డింగుతో కృత్రిమ మేధకు శిక్షణ ఇచ్చి ఆ మనిషి గొంతును నకలు చేయబోమని. 2024లో బొంబాయి హైకోర్టు గాయకుడు అరిజిత్ సింగ్ గొంతును ఇలా వాడుకోవడాన్ని అడ్డుకుంటూ ఉత్తర్వు ఇచ్చింది. ఆయనకు కోర్టుకు వెళ్లే స్థోమత ఉంది. మన కొరియర్ అబ్బాయికి ఉన్నది మనం రాసిచ్చే ఆ ఒక్క వాక్యమే.

ఇక అన్నిటికంటే కష్టమైన పని, కాదని చెప్పడం. నేను మొదట్లో ఎంపికైనవాళ్లకు ఫోన్ చేసి మిగతావాళ్లకు ఏమీ చెప్పకుండా ఊరుకున్నాను. నెల తర్వాత ఆ బండరాయి గొంతు అబ్బాయి కలిశాడు. “అన్నా, నేను ఇంకా ఆ డైలాగులు ప్రాక్టీస్ చేస్తున్న” అన్నాడు. ఆ పాత్ర వేరొకరితో రికార్డు చేసి అప్పటికి పది రోజులు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఉద్యోగం రాకపోతే మనిషి తన మార్కులు తక్కువనుకుంటాడు, గొంతు వద్దంటే తననే వద్దన్నారనుకుంటాడు. గొంతు ఒంట్లోది, తల్లిదండ్రుల నుంచి వచ్చింది, మార్చుకుందామంటే మారదు. అందుకే తేదీ చెప్పండి, ఆ తేదీకి అందరికీ జవాబు పంపండి. జవాబులో వాళ్ల గొంతులో మీరు విన్న ఒక నిజమైన మంచి సంగతి, ఈ పాత్రకు ఎందుకు కుదరలేదో ఒక వాక్యం. ‘మీ గొంతు బరువుగా ఉంది, ఈ పాత్ర తేలికగా మాట్లాడాలి’ అని రాయడానికి నిమిషం పడుతుంది. నేను ఆ అబ్బాయికి ఆ మాట ఎదురుగా నిలబడి చెప్పాను, ఆలస్యం చేసినందుకు క్షమించమని అడిగాను. అతను కాసేపు నేల చూశాడు. తర్వాత, “తేలికగ అంటే ఎట్ల అన్నా, ఒకసారి చెప్పి చూపెట్టవా?” అని అడిగాడు. చౌరస్తాలో నిలబడే ఇద్దరం పది నిమిషాలు ఆ వాక్యం చెప్పుకున్నాం.

పాత్రలన్నీ ఖాయమయ్యాక మైకు ముందుకు వెళ్లేలోపు ఒక్కరోజు అందర్నీ ఒకచోట కూర్చోబెట్టి మొత్తం చదివించండి. ఒకరి గొంతుకు ఒకరు అలవాటుపడాలి. మేం హనుమకొండలో ఒక మేడ మీద కూర్చున్నాం. ఆరో భాగం మధ్యలో కరెంటు పోయింది. కాగితాలు కనబడక అందరూ ఆగిపోయారు, ఎవరో ఫోన్‌లో లైటు వేయబోయారు. పెద్దమ్మ ఆగలేదు. ఆమె చేతిలో మొదటినుంచీ కాగితం లేదు. కొరియర్ అబ్బాయి అడగాల్సిన ప్రశ్న కూడా తనే గుర్తు చేసింది, “నువ్వు అడుగు బిడ్డా, నలుగురే కదా అని.” అతను చీకట్లోనే అడిగాడు.